రక్తం రాలేదు గదా అంటే సరిపోదు



క్రిస్మస్ ఆటలు, ఆ వెంటనే సంక్రాంతి పోటీలు వచ్చాయంటే మన సముద్రపు ఒడ్డు ఊళ్ళలో సందడే వేరు. సాయంత్రమైతే చాలు, పిలకాయలు ఇసుకలో గీతలు గీసి కబడ్డీ కూతకు దిగుతారు. చర్చి కాంపౌండులో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు, క్రికెట్ ఆడేవాళ్ళు సరేసరి. మోకాలు చెక్కుకుపోయినవాళ్ళు, చెయ్యి విరిగినవాళ్ళు ఆ రోజుల్లో మా క్యాజువాల్టీకి ఎక్కువగా వస్తారు. వాళ్ళ గురించి నాకు పెద్ద బెంగ లేదు. విరిగిన ఎముకకు కట్టు కడతాం, అతుక్కుంటుంది. నా బెంగంతా అసలు ఆసుపత్రికే రానివాళ్ళ గురించి. తలకు దెబ్బ తగిలి, కళ్ళు బైర్లు కమ్మి, ముఖాన నాలుగు నీళ్ళు చల్లించుకుని, సోడా తాగి మళ్ళీ ఆటలోకి దిగేవాళ్ళ గురించి.

"రక్తం రాలా, కుట్లు పళ్ళా, ఏం కాలా సిస్టరమ్మా" అంటారు. ఆ మాట సరిపోదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను డాక్టరును కాను. కానీ ముప్పై ఏళ్ళకు పైగా రోగుల మంచాల పక్కన నిలబడినదాన్ని. అందులో ఒక తప్పు నాది కూడా ఉంది. ముందు అదే చెబుతాను.

నా చేతి మీదుగా జరిగింది

నేను స్టాఫ్ నర్సుగా చేరిన కొత్తలో, వేరే ఊళ్ళో పనిచేసేటప్పుడు, ఒక సంక్రాంతి పండుగనాడు పదో తరగతి చదివే అబ్బాయిని తీసుకొచ్చారు. కబడ్డీలో ఎదుటివాడి మోకాలు కణతకు తగిలింది. రక్తం లేదు, చిన్న బొప్పి మాత్రం కట్టింది. మాట్లాడుతున్నాడు, నడుస్తున్నాడు. "అక్కా, మన జట్టు గెలిచిందా?" అని అడిగాడు. ఇంకా ఆట అయిపోలేదని చెప్పాను. రెండు నిమిషాలకు మళ్ళీ అదే అడిగాడు. మూడోసారీ అడిగాడు. ఆట మీద వాడికి ఎంత ధ్యాసో అని నేను నవ్వాను.

అది నవ్వే సంగతి కాదు. చెప్పిన మాట మెదడులో నిలవడం లేదని ఆ ప్రశ్నే చెబుతోంది. నాకు అర్థం కాలేదు. బొప్పి మీద ఐసు పెట్టి, నొప్పి మాత్ర ఇచ్చి, రిజిస్టరులో 'చిన్న దెబ్బ' అని రాసి పంపించాను. బయట జట్టువాళ్ళు కాచుకుని ఉన్నారు. ఆ సాయంత్రమే ఫైనల్. ఆ ఆటలో వాడి తలకు రెండో దెబ్బ తగిలింది. ఆటోలో వేసుకొచ్చేసరికి ఒకటే వాంతులు, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు.

ప్రాణాపాయం తప్పింది. పెద్ద ఊరికి పంపి స్కానింగ్ తీయిస్తే ఏమీ లేదన్నారు. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాం. కానీ ఆ తర్వాత ఆ అబ్బాయికి పది నిమిషాలు పుస్తకం పట్టుకుంటే తలనొప్పి వచ్చేది. వెలుతురు చూడలేకపోయేవాడు. చిన్న మాటకు పెద్ద కోపం. ఇంట్లో బద్ధకమన్నారు, బళ్ళో పొగరన్నారు. పబ్లిక్ పరీక్షలు రాయలేదు, నాన్నతో పాటు వేటకు వెళ్ళిపోయాడు. ఏడాది తర్వాత వాళ్ళమ్మ ఓ.పి.లో కనబడి, "వాడు మా వాడు కాదమ్మా, ఎవరో పరాయి మనిషి మా ఇంట్లో ఉన్నట్టుండాడు" అంది.

అంతా ఆ మొదటి దెబ్బ వల్లేనని నేను అనలేను. కానీ ఆ రోజు "ఇవాళ్టికి ఆట వద్దు నాయనా" అని నేను గట్టిగా చెప్పి ఉంటే, రెండో దెబ్బ తగిలేది కాదు. అది మాత్రం ఖాయం.

మెదడు కుదుపు అంటే ఏమిటి?

డాక్టర్లు దీన్ని కంకషన్ అంటారు. మనం మెదడు కుదుపు అనుకుందాం. నిండు బిందె చంకన పెట్టుకుని వస్తున్నప్పుడు కాలు తట్టుకుంటే బిందెకు సొట్ట పడకపోయినా లోపలి నీళ్ళు ఎగిసి అంచులకు కొట్టుకుంటాయి గదా. తల విషయంలోనూ అంతే. పుర్రె పగలదు, చర్మం చిట్లదు. లోపల మెత్తని మెదడు ఒక్కసారిగా కదిలి సన్నని నరాల పోగులు సాగుతాయి. మెదడు పనితీరు కొంతకాలం తప్పుతుంది. ఇది గాయం కన్నా పనిలో వచ్చిన తేడా కాబట్టి స్కానింగులో సాధారణంగా కనబడదు. లోపల రక్తస్రావం ఉందేమో చూడటానికే స్కానింగ్. అది మామూలుగా ఉన్నంత మాత్రాన మెదడు కుదుపు లేదని కాదు.

ఇంకో పొరపాటు అభిప్రాయం ఉంది. స్పృహ తప్పితేనే ప్రమాదమనుకుంటాం. నిజానికి మెదడు కుదుపు వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి స్పృహ తప్పదు. తల దిమ్ముగా ఉండటం, అడిగిందే అడగటం, తూలడం, వెలుతురు పడకపోవడం, వాంతి వచ్చేట్టు ఉండటం, ఊరికే ఏడుపు రావడం ఇవే గుర్తులు. కొన్ని వెంటనే కాక మరునాడు బయటపడతాయి.

సరిగా విశ్రాంతి ఇస్తే పెద్దవాళ్ళలో చాలామందికి రెండు వారాల్లో, పిల్లలకు నాలుగు వారాల లోపు నయమవుతుంది. ఇది సంతోషకరమైన మాట. కానీ మొదటిది నయం కాకముందే రెండో దెబ్బ తగిలితే కోలుకోవడం చాలా ఆలస్యమవుతుంది. అరుదుగానే అయినా, కుర్రవాళ్ళలో మెదడు ఉన్నట్టుండి వాచి ప్రాణం పోయిన సందర్భాలూ వైద్యశాస్త్రంలో ఉన్నాయి.

ఫుట్‌బాల్ ఆటగాళ్ళు నేర్పిన పాఠం

ఒకటి రెండు దెబ్బల సంగతి ఇది. మరి పదిహేను ఇరవై ఏళ్ళు తలకు దెబ్బలు తింటూనే ఆడినవాళ్ళ మాటేమిటి? ఈ విషయం లోకానికి బాగా తెలిసింది ఫుట్‌బాల్ ఆటగాళ్ళ వల్లనే. ఆ ఆటలో ఒకరి తల ఒకరికి తగలడమే కాక, బంతిని కావాలని తలతో కొడతారు. దాన్ని హెడింగ్ అంటారు.

మన తెలుగునాటికీ ఫుట్‌బాల్‌కూ పాత బంధమే ఉంది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు బంగారు పతకం గెలిచింది. ఆ జట్టుకు శిక్షకుడు మన హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. ఆ పోటీల్లో జర్నైల్ సింగ్ గారికి తలకు గాయమై కుట్లు పడ్డాయి. అయినా తర్వాతి ఆటల్లో ఆయన్ను ముందు వరుసలో ఆడించారు. దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్లో ఆయనా, పి.కె. బెనర్జీ గారూ చెరొక గోలు చేశారు. దీన్ని మనం వీరగాథగా చెప్పుకుంటాం. వాళ్ళ ధైర్యానికి నేనూ నమస్కరిస్తాను. కానీ ఒక నర్సుగా చదివినప్పుడు నా గుండె గుభేలుమంటుంది. ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు, అందుకు ఎవరినీ తప్పు పట్టలేం. ఈ రోజు మనకు తెలుసు.

హైదరాబాదువారే అయిన మహమ్మద్ హబీబ్ గారిని పెద్దవాళ్ళు కొందరు గుర్తుపడతారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్య పతకం గెలిచిన జట్టులో ఆయన ఉన్నారు. 1977లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టారు. 1980లో అర్జున అవార్డు అందుకున్నారు. అంతటి ఆటగాడు చివరి సంవత్సరాల్లో మతిమరుపు జబ్బుతో, పార్కిన్సన్ లక్షణాలతో బాధపడి 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూశారు. 2020 మార్చిలో కన్నుమూసిన పి.కె. బెనర్జీ గారికి కూడా ఈ రెండు జబ్బులూ ఉండేవి.

ఆట వల్లనే వీరికి ఈ జబ్బులు వచ్చాయని నేను చెప్పడం లేదు. ఎన్నడూ బంతి ముట్టనివారికీ ఇవి వస్తాయి. ఒక మనిషిని చూసి ఇలాంటి తీర్పు చెప్పకూడదు. కానీ వేలమందిని లెక్క తీస్తే ఏమని తేలింది? స్కాట్లండులో గ్లాస్గో నగరపు వైద్యులు 7,676 మంది మాజీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మరణాలను, అదే వయసు సామాన్య ప్రజల మరణాలతో పోల్చి 2019లో ఫలితాలు ప్రకటించారు. మతిమరుపు, పార్కిన్సన్ వంటి మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే ప్రమాదం ఆటగాళ్ళలో దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. 2021లో అదే బృందం ఇంకా లోతుగా చూస్తే, బంతిని తలతో ఎక్కువగా కొట్టే డిఫెండర్లకు ప్రమాదం అందరికన్నా ఎక్కువ. తలతో కొట్టే పనిలేని గోల్‌కీపర్లకు అంత తేడా కనబడలేదు. ఈ ఒక్క తేడానే మనల్ని ఆలోచింపజేయాలి.

ఇంగ్లండు ఆటగాడు జెఫ్ ఆస్టిల్ 2002లో 59 ఏళ్ళకే చనిపోయారు. తలతో గోళ్ళు చేయడంలో పేరు పొందిన మనిషి. ఆయన మరణాన్ని విచారించిన అధికారి, అది వృత్తి వల్ల వచ్చిన జబ్బు అని తేల్చారు. అమెరికాలో ఆడే ఫుట్‌బాల్ వేరు, అది శిరస్త్రాణం పెట్టుకుని ఒకరినొకరు ఢీకొనే ఆట. అక్కడ 2002లో మైక్ వెబ్‌స్టర్ అనే ఆటగాడు 50 ఏళ్ళకు మరణిస్తే, నైజీరియాలో పుట్టిన బెన్నెట్ ఒమాలు అనే డాక్టరు ఆయన మెదడును పరీక్షించి, పదే పదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే జబ్బును గుర్తించారు. పొట్టిగా సి.టి.ఇ. అంటారు. టావ్ అనే మాంసకృత్తు మెదడులో పేరుకుని, ఆట మానేసిన చాలా ఏళ్ళకు జ్ఞాపకం, స్వభావం మారిపోతాయి. బతికుండగా దీన్ని ఖాయంగా చెప్పే పరీక్ష ఇంకా లేదు. నయం చేసే మందూ లేదు. అందువల్ల రాకుండా చూసుకోవడమొక్కటే మార్గం.

ఇవన్నీ చూసి దేశాలు నియమాలు మార్చుకున్నాయి. అమెరికాలో 2015 నుంచి పదేళ్ళు, అంతకు తక్కువ వయసు పిల్లలకు సాకర్‌లో హెడింగ్ నిషేధించారు. ఇంగ్లండులో 2020 నుంచి చిన్నపిల్లల శిక్షణలో హెడింగ్ వద్దన్నారు. క్రికెట్‌లో కూడా 2019 నుంచి తలకు దెబ్బ తగిలిన ఆటగాడి బదులు ఇంకొకరిని దించడానికి అనుమతి ఉంది.

"మా వాడు ఫుట్‌బాల్ ఆడడు, కబడ్డీనే గదా" అంటారేమో. మెదడుకు ఆట పేరు తెలియదు. మోకాలు తగిలినా, బంతి తగిలినా, బైకు మీది నుంచి పడినా దానికి ఒకటే.

నాతో వాదించేవారికి

ఈ మాటలు చెబితే సంఘంలో పెద్దలు మూడు రకాలుగా సమాధానం ఇస్తారు.

"మా కాలంలో తాటిచెట్టు మీది నుంచి పడ్డాం, మాకేమైంది?" అనేది మొదటిది. బాగున్నవాళ్ళే ఈ మాట చెప్పగలరు. బాగాలేనివాళ్ళు చెప్పడానికి మన మధ్య లేరు, ఉన్నా చెప్పే స్థితిలో లేరు.

రెండోది, "అయితే ఆటలు మాన్పించి పిల్లల్ని ఫోన్ల ముందు కూర్చోబెట్టమంటారా?" అని. వద్దే వద్దు. మా వార్డుల్లో షుగరు, బి.పి. రోగులను చూస్తున్న నేను ఆటలు వద్దని ఎలా అంటాను? గ్లాస్గో లెక్కల్లోనే ఇంకో సంగతి ఉంది. ఆ ఆటగాళ్ళలో గుండెజబ్బుతో చనిపోయినవాళ్ళు మామూలు జనంలో కన్నా తక్కువ. ఆట మేలే చేస్తుంది. తల అదిరినవాణ్ణి అదే రోజు మళ్ళీ దించడమే కీడు. నేను మానమనేది ఆ ఒక్కటే.

మూడోది, "ప్రార్థన చేసి దింపుతున్నాం గదా సిస్టర్, దేవుడే కాపాడతాడు" అని. ప్రార్థనతోనే నేనూ డ్యూటీ మొదలుపెడతాను. కానీ అపొస్తలుడైన పౌలు గారు మన దేహాన్ని దేవుని ఆలయంతో పోల్చారు. గుడి కప్పు కారుతుంటే ప్రార్థన చేస్తూనే పెంకులు కూడా సర్దుతాం గదా.

మన ఆటలకు నాలుగు నియమాలు

పాస్టరు గార్లను, యవ్వనస్థుల సంఘాలను, సండే స్కూల్ టీచర్లను నేను కోరేది ఇది. ఈ సంవత్సరం పోటీల కరపత్రం వేసేటప్పుడే ఈ నాలుగూ అందులో రాయండి.

1. తలకు దెబ్బ తగిలి ఏ కొంచెం తేడా కనబడినా ఆ మనిషి ఆ రోజు మళ్ళీ ఆడకూడదు. అనుమానం ఉన్నా ఇదే నియమం. స్కోరు ఎంత, చివర కూతకు ఎవరు వెళ్ళారు, ఇది మొదటి సగమా రెండోదా అని అడగండి. తడబడితే వెంటనే బయటికి. సరిగ్గా చెప్పినా, తలనొప్పి, తూలడం ఉంటే బయటికే.

2. ఆ నిర్ణయం కెప్టెనుది కాదు, కప్పు ఇచ్చే పెద్దమనిషిదీ కాదు, ఆడేవాడిది అసలే కాదు. ప్రతి ఆటకూ ముందుగానే ఒక నర్సునో టీచరునో నియమించండి. వాళ్ళు "వద్దు" అంటే ఎవరూ ఎదురు చెప్పకూడదు.

3. మొదటి ఒకటి రెండు రోజులు ఇంట్లో విశ్రాంతి. చీకటి గదిలో పడుకోబెట్టనక్కర్లేదు, కొంచెం నడవవచ్చు. ఫోను, టి.వి. తగ్గించాలి. తర్వాత మెల్లగా బడి, ఆపైన మెల్లగా పరుగు. బ్రిటన్‌లో 2023లో ఇచ్చిన సూచనల ప్రకారం ఊరి జట్లవాళ్ళు కనీసం 21 రోజులు పోటీలో దిగకూడదు. మనమూ మూడు వారాలు పాటిద్దాం. అప్పుడు కూడా డాక్టరుకు చూపించాకే.

4. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు బంతిని తలతో కొట్టడం నేర్పవద్దు. కాళ్ళతో ఆడటం నేర్చుకోవడానికే వాళ్ళకు ఆ వయసు చాలదు.

ఈ కింది గుర్తులు కనబడితే మాత్రం ఇంట్లో ఉంచుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి: ఆగని వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, ఫిట్స్, లేపినా సరిగా లేవకపోవడం, మాట ముద్దగా రావడం, ఒక చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పడం, కంటిపాపల్లో ఒకటి పెద్దది ఒకటి చిన్నది అవడం, ముక్కు నుంచి గానీ చెవి నుంచి గానీ నీరు లేక రక్తం కారడం. మెడ నొప్పి ఉంటే కదిలించకుండా అలాగే పడుకోబెట్టి ఉంచండి. డాక్టరు చూసేవరకు ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఇవ్వవద్దు, అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు. పొగాకు, ఉల్లిపాయ వాసన చూపించడం, చేతిలో తాళంచెవి పెట్టడం, స్పృహ లేనివాడి నోట్లో సోడా పోయడం వద్దు.

ఇంకొక్క మాట. పిల్లవాడు దెబ్బ తగిలిన తర్వాత చదువులో వెనకబడితే, ఊరికే కోప్పడుతుంటే, బద్ధకమని కొట్టకండి. ఇంట్లో పెద్దాయన స్వభావం మారిపోయి, మతిమరుపు వస్తే దయ్యమనో, పెద్దతనమనో వదిలేయకండి. థైరాయిడ్, బి-12 విటమిన్ లోపం, మనోవ్యాకులత వంటి నయం చేయగల కారణాలు కూడా ఉంటాయి. తీసుకొచ్చి చూపించండి. పూర్వం తలకు దెబ్బలు తగిలాయా అని డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

ఆ సంక్రాంతినాడు ఆ అబ్బాయి జట్టు గెలిచిందో ఓడిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఊళ్ళో కూడా ఎవరికీ గుర్తుండి ఉండదు. వాడు మూడుసార్లు అడిగిన ప్రశ్న మాత్రం నా చెవుల్లో అలాగే ఉంది. ఈ సంవత్సరం మీ పిల్లవాడు మైదానంలో అలా అడిగితే, "గెలుపు సంగతి తర్వాత చూద్దాం, ముందు నువ్వు నా పక్కన కూర్చో నాయనా" అని చెప్పండి.

మన బిడ్డలను ప్రభువు కాపాడును గాక. ఆమేన్.

నర్సింగ్ సూపరింటెండెంట్